పాటకు అడుగు

ఎడమచేతి చిటికెన వేలు మొదటిసారి మాట వినకుండా పోయినప్పుడు ఆమె ల్యాబులో ఉంది. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చులను బట్టి కట్టుడు పళ్ళు తయారు చేయడం ఆమె పని. అందుకే తెలిసినవాళ్ళందరికీ ఆమె పళ్ళక్క. ఆ మధ్యాహ్నం ఎడమచేత్తో ఒక పన్నును పట్టుకుని, కుడిచేతిలోని సన్న కుంచెతో పింగాణీ పూత పెడుతోంది. పన్ను జారి బల్ల మీద పడి, నేల మీదికి దొర్లి, గోడవారకు పోయింది.

"ఎవరి పన్నో గానీ నోట్లోకి వెళ్ళకముందే పారిపోతోంది," అని పక్క బల్ల దగ్గరావిడ నవ్వింది.

పళ్ళక్క కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల కింద ఎడమచేతిని తొడకు రుద్దుకుంది. చివరి రెండు వేళ్ళకు బట్ట తగులుతున్నట్టే తెలియలేదు. ఆ క్షణంలో ఆమె ఆలోచించింది పళ్ళ గురించి కాదు. ఇంట్లో మంచం పక్కన గోడకు ఆనించి ఉన్న బేస్ గిటార్ గురించి.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. నలభైకి దగ్గరపడింది. పై అంతస్తులో తల్లితో ఉంటుంది. కింది అంతస్తులో అక్కా బావా. బావ వాషింగ్ మెషీన్లు బాగు చేస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డే అతని వర్క్‌షాపు. సాయంత్రం పని కట్టేశాక మెషీన్లను గోడవారకు నెట్టి, మధ్యలో డ్రమ్స్ సర్దుతాడు. బస్సు డ్రైవరు ఒకాయన గిటారు వాయిస్తాడు. బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ పాడుతుంది. అడుగున మోగే లావు స్వరాల బేస్ గిటారు పళ్ళక్కది. నలుగురూ కలిసి వాయించేది ఫంక్. కూర్చుని తల ఊపే సంగీతం కాదది. లేచి అడుగులు వేయించే సంగీతం. అందులో డ్రమ్మూ బేసూ మొగుడూపెళ్ళాల్లా ఒకే మాట మీద ఉండాలి. తాళంలో మొదటి దెబ్బ మీద రెండూ కలిసి పడాలి. ఆ తర్వాత ఎక్కడ మోగాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో రెండింటికీ తెలిసి ఉండాలి.

ఊరంతా తెలిసిన ఒక డాన్స్ హాలు యజమాని వాళ్ళను ఒక సాయంత్రం వాయించి చూపించమన్నాడు. జనం లేచి ఆడితే ఇక ప్రతి శనివారం వాళ్ళదే. ఇన్నాళ్ళూ పుట్టినరోజులకూ ఆఫీసు పార్టీలకూ వాయించిన బ్యాండుకు అది చిన్న మాట కాదు. దానికి ఇంకా కొన్ని వారాలే ఉంది.

డాక్టరు ఆమె మోచేతిని వంచి, నొక్కి, సూదిమొనతో వేళ్ళను తాకి చూశాడు. "మోచేతి దగ్గర నరం నలిగిపోతోందమ్మా. గట్టిగా నొక్కే పనులు మానెయ్యాలి. కొన్ని నెలల్లో తగ్గొచ్చు. తగ్గకపోతే ఆపరేషన్. అప్పుడైనా మొత్తం తిరిగొస్తుందని మాటివ్వలేను."

"గిటారు వాయిస్తానండీ."

"ఏ చేత్తో తీగలు నొక్కుతారు?"

ఆమె ఎడమచెయ్యి చూపించింది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే బ్యాండులో చోటు పోతుందన్న భయం. చెప్పకపోతే దొరికిపోతానన్న భయం. షెడ్డులో వాయించేటప్పుడు బాగున్న రెండు వేళ్ళతోనే నెట్టుకొచ్చింది. కష్టమైన చోట స్వరాలు మింగేసింది. డ్రైవరు గమనించలేదు. బావ గమనించాడు గానీ పైకి అనలేదు. డ్రమ్స్ వెనకనుంచి ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. ఆ చూపు ఆమెను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

చివరికి పట్టుకుంది అక్క. చేతికిచ్చిన టీ కప్పు ఒరిగిపోయి చెల్లెలి చీర మీద ఒలికింది. వేడి టీ వేళ్ళ మీద కారుతున్నా చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కాలడం లేదటే?" అంది అక్క.

అక్క కప్పు తీసి పక్కన పెట్టి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని గిల్లింది. "ఇది? ఇది?" పళ్ళక్క తల అడ్డంగా ఊపింది. ఊపుతూ ఊపుతూ ఏడ్చేసింది.

"బావతో చెప్పకక్కా. హాలువాడి మేనల్లుడు బేస్ వాయిస్తాడట. ఇప్పుడు తెలిస్తే వాణ్నే పెట్టుకుంటారు."

"మీ బావతో నేను చెప్పేదేముంది, ఆయనకు ఎప్పుడో తెలుసు. 'నీ చెల్లెలు చెయ్యి దాస్తోంది, నువ్వడుగు, నేనడిగితే బాగోదు' అని వారం నుంచి నా ప్రాణం తీస్తున్నాడు." అక్క కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "అయినా కుడిచెయ్యి బాగానే ఉందిగా? చిన్నప్పుడు కీబోర్డు నేర్చుకున్నావు. నేను రెండో పాఠంలోనే పారిపోయాను, నువ్వు చివరిదాకా ఉన్నావు. బేస్ దానిమీద వాయించకూడదా?"

వాయించవచ్చు. ఫంక్ వాయించేవాళ్ళలో బేస్ మొత్తం సింథసైజర్ అనే కరెంటు కీబోర్డు మీద నడిపేవాళ్ళు ఉన్నారని పళ్ళక్కకూ తెలుసు. తెలిసినా ఆ ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు. గిటారు ఒళ్ళో ఉంటుంది, దాని వణుకు పొట్టకు తగులుతుంది. కీబోర్డు ఎదురుగా బల్లలా నిలబడుతుంది. అయినా ఇప్పుడు ఇంకో దారి కనిపించలేదు.

వాద్యాల దుకాణం రెండు అంతస్తుల మెట్లెక్కితే వస్తుంది. కీబోర్డుల విభాగం చూసేది పొట్టిగా జుట్టు కత్తిరించుకున్న ఒక మనిషి, మాట తక్కువ. పళ్ళక్క చెప్పింది విని హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టి, వరసగా ఉన్నవాటిని చూపించింది. "వాయించి చూడండి. తొందర లేదు."

తొందర లేనిది దుకాణానికి. పళ్ళక్కకు అరికాళ్ళ కింద నిప్పులున్నట్టే ఉంది. మొదటిది పియానోలా బరువైన మీటలున్నది. నొక్కితే హాయిగా ఉంది గానీ, వేలు ఎత్తాక మీట తీరిగ్గా పైకి వస్తోంది. అదే స్వరాన్ని గబగబా కొట్టాలంటే మీట కోసం వేలు ఆగాల్సి వస్తోంది. రెండోది సంచిలో పట్టేంత చిన్నది. శబ్దం ఏనుగంత. కానీ మీటలు బొమ్మల కొలతలో ఉన్నాయి. కింది స్వరం నుంచి పై స్వరానికి ఎగరబోతే వేలు పక్క మీట మీద పడుతోంది. మూడోది పాతకాలం యంత్రం. అందరూ మెచ్చుకునేది. కాసేపు వేడెక్కగానే శ్రుతి మెల్లగా జారడం మొదలుపెట్టింది. నాలుగోదానిలో వేల శబ్దాలున్నాయి. ఐదోది చూడ్డానికి పాత రేడియోలా ఉంది. పైన వరసగా తిప్పే నాబ్‌లు తప్ప తెర కూడా లేదు. దాన్ని ఆమె సరిగ్గా చూడనే లేదు.

హెడ్‌ఫోన్స్‌లో అన్నీ బాగానే ఉన్నాయి. అదే ఆమెను చంపింది. ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండేది కాదు. మర్నాడు ల్యాబు నుంచి మళ్ళీ దుకాణానికి. ఆ మర్నాడు మళ్ళీ. తప్పు ఎంచుకుంటే మార్చుకునే వ్యవధి లేదు. బజారులో పక్కనున్న బస్సు హారన్ వినిపించినా అది ఏ శ్రుతో వెతుక్కునే స్థితికి వచ్చింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది," అంది తల్లి. "వాయించే డబ్బా ఇంట్లోకే రాలేదు. అప్పుడే అది చెడిపోతుందని ఏడుపా?"

ఆఖరికి నాలుగోదాన్ని అద్దెకు తెచ్చుకుంది. వేల శబ్దాలుంటే ఏదో ఒకటి పనికిరాకపోదు అనుకుంది. బ్యాండుకు సంగతి చెప్పింది. డ్రైవరు "అయ్యో" అన్నాడు. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ దయ చూసి పళ్ళక్కకు ఇంకా భయమేసింది.

షెడ్డులో దాన్ని స్పీకరుకు కలిపి మొదటి పాట ఎత్తుకున్నారు. హెడ్‌ఫోన్స్‌లో పట్టులా ఉన్న శబ్దం రేకుల కింద ఉప్పెనలా లేచింది. గోడవార ఉన్న వాషింగ్ మెషీన్ల మూతలు గడగడలాడాయి. బావ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఎక్కడో మునిగిపోయింది. ఒక స్వరం తోక ఇంకో స్వరం మీద పడుతోంది. ఆమె వేలు ఎత్తేసినా శబ్దం ఎత్తేయడం లేదు. శబ్దాలు మార్చింది. ఒకటి గంటలా మోగింది, ఒకటి తుమ్మెదలా రొద చేసింది.

బావ పుల్లలు దించాడు. "ఏమ్మా మరదలా, ఇది బేసా, వరదా?"

అతను నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"వాయించడం నాకే రావట్లేదేమో," అంది ఆమె.

"ఆడలేక మద్దెల ఓడు అంటారందరూ. నువ్వేంటి పళ్ళక్కా, మద్దెల ఓడైతే ఆడలేనంటున్నావు?" అన్నాడు డ్రైవరు.

టీచరమ్మ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఏదైనా మొహం మీదే చెప్పే మనిషి. "నామీద కోపం తెచ్చుకోకు. ఈ ఒక్కసారికి ఆ మేనల్లుణ్ని పిలుద్దాం. హాలు మన చేతికొచ్చాక నువ్వు తీరిగ్గా నేర్చుకుని రా. నీ చోటు ఎక్కడికీ పోదు."

పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ మాటన్న టీచరమ్మకు కూడా తెలుసు, అందుకే ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి. "ఈ ఆదివారం దాకా ఆగండి," అంది పళ్ళక్క.

మర్నాడు ల్యాబుకు బయల్దేరుతుంటే బావ గేటు దగ్గర కాపు కాశాడు. చేతుల నిండా గ్రీజు.

"నిన్న నీ స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటీ తప్పు పోలేదు. నాకు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నువ్వు ఆగినచోట అది ఆగలేదు. గిటారు మీద నువ్వు అరచేత్తో తీగ నొక్కి టక్కున నోరు మూయించేదానివి. ఆ సందులోనే నా దెబ్బ పడేది. ఇప్పుడు సందు లేదు."

ఆమె నిలబడిపోయింది. ఇన్ని రోజులుగా తాను ప్రతి యంత్రం ఎలా మోగుతుందో విన్నది. ఎలా ఆగుతుందో వినలేదు.

"బావా, నీ కాలి డ్రమ్ము ఆ దుకాణం మెట్లెక్కుతుందా?"

"డ్రమ్ము ఎక్కుతుంది. నా మోకాళ్ళ సంగతే చెప్పలేను."

శనివారం పొద్దున దుకాణం తెరిచే వేళకు ఇద్దరూ చెరోపక్క పట్టుకుని ఆ పెద్ద డ్రమ్మును పైకి మోసుకెళ్ళారు. ఆమె కుడిచేత్తోనే పట్టుకుంది. రెండు చోట్ల దించి ఊపిరి తీసుకున్నారు. కీబోర్డులావిడ డ్రమ్మును చూసింది, వాళ్ళను చూసింది. "ఎక్కువ మంది రాకముందే కానివ్వండి," అని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, పెద్ద స్పీకరు కలిపింది.

బావ ఒకే తాళం పట్టుకుని ఆపకుండా కొడుతున్నాడు. ఆమె ఒక్కొక్క యంత్రం దగ్గరికీ జరిగి అదే బేస్ వరస వాయించింది. బరువు మీటలది వెనకబడింది. చిన్నది తడబడింది. పాతది జారింది. ఐదోది, ఆ రేడియోలాంటిది, ఎవరూ అడక్కుండానే చివర్లో మిగిలింది. దాని మీట తేలిగ్గా దిగి వేలి వెంటే లేచింది. వేలు ఎత్తగానే శబ్దం కత్తిరించినట్టు ఆగింది. ఆ ఖాళీలో బావ కాలి దెబ్బ శుభ్రంగా వినిపించింది. అతను తలెత్తాడు. ఈసారి తల దించుకోలేదు.

కీబోర్డులావిడ దగ్గరికొచ్చి ఒక నాబ్ చూపించింది. "ఇది తిప్పితే గొంతు విచ్చుకుంటుంది, ఇటు తిప్పితే ముడుచుకుంటుంది. వాయిస్తూనే ఎడమచేత్తో తిప్పండి."

తిప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు. ఆ రెండూ బాగానే ఉన్నాయి. తిప్పింది. 'వావ్' అని నోరు తెరిచినట్టు శబ్దం విచ్చుకుంది. గిటార్ల వైపు నిలబడ్డ ఒక ముసలాయన మోకాలు దానంతటదే కదలడం మొదలుపెట్టింది.

"ఒక్క లోపం," అంది కీబోర్డులావిడ. "దీనికి జ్ఞాపకం లేదు. ఒక శబ్దం కుదుర్చుకుని దాచుకోవడం కుదరదు. పాట మారినప్పుడల్లా నాబ్‌లన్నీ మీరే మళ్ళీ తిప్పుకోవాలి."

పళ్ళక్క సంతోషం అక్కడితో సగం అయిపోయింది. వేదిక మీద, అంతమంది ముందు, పాటకూ పాటకూ మధ్య అన్ని నాబ్‌లు! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. అయినా దాన్నే తీసుకుంది.

ఆదివారం షెడ్డులో మూతలు గడగడలాడలేదు. రెండో పాట మధ్యలో టీచరమ్మ పాట ఆపేసి వచ్చి ఆమెను కావలించుకుంది. మేనల్లుడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాబ్‌ల బెంగ మాత్రం ఆమెను వదల్లేదు. ల్యాబులో అచ్చులకు వాడే రంగు మైనం చిన్న చిన్న చుక్కలుగా తెచ్చుకుని, ప్రతి నాబ్ చుట్టూ, ఏ పాటకు అది ఎందాకా తిరగాలో అక్కడ అంటించింది. మొదటి పాటకు ఎర్రచుక్క, రెండోదానికి నీలం, మూడోదానికి పచ్చ. ఏ పాటకు ఏ రంగో నిద్రలో లేపినా చెప్పేంతగా వల్లె వేసింది. అయినా హాల్లో వాయించాల్సిన రోజు పొద్దున్నుంచీ మెతుకు దిగలేదు. తల్లి బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలి వదిలేసింది.

హాలు నిండుగా ఉంది. మొదటి పాటకు కొందరు లేచారు. రెండోదానికి ఇంకొందరు. యజమాని తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మేనల్లుడు. పళ్ళక్క వాళ్ళవైపు చూడకూడదనుకుంటూనే చూసింది. రెండో పాట ముగిసింది. పచ్చచుక్కల కోసం తల వంచింది.

పచ్చచుక్కలు లేవు. నెత్తిమీద దీపాల వేడికి మైనం కరిగింది. ఎరుపూ నీలమూ పచ్చా కలిసి బురదరంగు చారల్లా కిందికి జారుతున్నాయి. ఒక చుక్క నాబ్ సందులోకి కారిపోయింది. బావ అప్పటికే పుల్లలతో లెక్క మొదలుపెట్టేశాడు. మొదటి దెబ్బ పడింది. ఆమె మీట నొక్కింది. గొంతు పట్టేసినవాడి మూలుగులాంటిదేదో వచ్చి పోయింది.

బావ అటు చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో గానీ పాటలోకి వెళ్ళలేదు. ఒంటరిగా డ్రమ్స్ మీదే అదే తాళం మళ్ళీ మొదటికి తెచ్చాడు. డ్రైవరు కూడా అర్థం చేసుకుని ఒకే ముక్క సన్నగా గీస్తూ ఉండిపోయాడు. టీచరమ్మ చప్పట్లు కొడుతూ జనాన్ని కలుపుకుంది.

అలా ఎంతసేపైనా నడవదని పళ్ళక్కకు తెలుసు. చుక్కల వైపు చూడటం మానేసింది. ఒక స్వరం నొక్కి పెట్టి, బొటనవేలితో మొదటి నాబ్ తిప్పింది. మూలుగు. ఇంకొంచెం. కాస్త తేలింది. రెండోది తిప్పింది. మరీ పదును. వెనక్కి. వేలు ఎత్తి చూసింది. తోక లాగుతోంది. దాన్ని కురచ చేసింది. బావ కాలి దెబ్బ పక్కన తన స్వరాన్ని పెట్టి విన్నది. మళ్ళీ పెట్టింది. రెండూ అతికాయి.

బావకు తల ఊపింది. తాళం తిరిగి మొదటి దెబ్బకు రాగానే ఇద్దరూ కలిసి పడ్డారు.

హాల్లో పెద్ద కేక లేచింది. కావాలనే అంతసేపు ఊరించారనుకున్నారు జనం. కుర్చీల్లో మిగిలినవాళ్ళు కూడా లేచారు. ఆమె మాత్రం ఎవరినీ చూడలేదు. పాటంతా పళ్ళు బిగించుకుని మీటలకేసే చూస్తూ వాయించింది. అయిపోయాక తెర వెనక ఒక పెట్టె మీద కూలబడి, నీళ్ళ సీసా మూత కూడా తిప్పలేకపోయింది. అక్క వచ్చి తిప్పి ఇచ్చింది.

యజమాని ప్రతి శనివారం ఇవ్వలేదు. వారం విడిచి వారం ఇచ్చాడు. మిగతా వారాలు మేనల్లుడి బ్యాండుకు. "వాళ్ళదీ కడుపేగా," అన్నాడు డ్రైవరు. ఆ మేనల్లుడు తర్వాత ఒకసారి షెడ్డుకు వచ్చి, ఆ రేడియోలాంటి యంత్రాన్ని నాలుగువైపులా తిరిగి చూసి, అడిగి కాసేపు వాయించి వెళ్ళాడు. మంచి కుర్రాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్లవాడంటే తనకు వణుకెందుకో పళ్ళక్కకు అర్థం కాలేదు.

ఏడాది తిరిగేలోపు మోచేతికి ఆపరేషన్ అయింది. చిటికెన వేలికి స్పర్శ వచ్చింది. ఉంగరపు వేలు సగంలో ఆగిపోయింది. గిటారు మీద మెల్లని పాట ఒకటి వాయించగలదు, రెండోదానికి చెయ్యి నొప్పెడుతుంది. ఆ ఒక్కటీ ఆదివారాలు తల్లికి వినిపిస్తుంది. హాల్లో మాత్రం కీబోర్డే.

భయం తగ్గిందా అని ల్యాబులో ఎవరో అడిగితే, "ఎందుకు తగ్గుతుంది?" అంది పళ్ళక్క. ఇప్పటికీ హాలు ఉన్న రోజు మధ్యాహ్నం నుంచీ ఆమె ఎవరితోనూ మాట్లాడదు. తల్లి అన్నం తినమని అడగడం మానేసింది. గిన్నె మీద మూత పెట్టి ఉంచుతుంది. తిరిగొచ్చాక ఇద్దరూ వంటింట్లోనే కూర్చుని తింటారు.